కుక్కని తీస్కుని చిన్న క్రాఫ్ట్ బ్రూవరీ ట్యాప్‌రూమ్‌కి వెళ్తున్నారా, అయితే ఇది మొత్తం చదివి బయల్దేరండి

ముందే చెప్పేస్తా, అక్కడ ఎంతసేపు కూర్చోవాలన్నది డిసైడ్ చేసేది మీరు కాదు, మీ కుక్క. ఆరు రకాలు రుచి చూడాలని లిస్టు రాసుకుని వెళ్ళినా సరే, గంటంపావుకి దానికి విసుగొచ్చి కుయ్ కుయ్ మంటే లేవాల్సిందే. ఈ ఒక్క విషయం మనసులో పెట్టుకుని వెళ్తే సాయంత్రం హాయిగా గడుస్తుంది, లేకపోతే మీకూ పక్క టేబులోళ్ళకీ దానికీ ముగ్గురికీ నరకం. నేను రెండు రకాలుగానూ వెళ్ళొచ్చా కాబట్టి చెప్తున్నా.

అసలు ట్యాప్‌రూమ్ అంటే ఏంటో తెలీనివాళ్ళకి రెండు ముక్కల్లో. బీర్ ఎక్కడ తయారవుతుందో అక్కడే, అదే కప్పు కింద, నాలుగు బల్లలేసి గ్లాసుల్లో పోసిచ్చే చోటు. అద్దం అవతల స్టీలు ట్యాంకులు కనిపిస్తుంటాయి, ఒక్కోసారి మీకు గ్లాసు అందించిన మనిషే పొద్దున ఆ ట్యాంకు కడిగినవాడు అయ్యుంటాడు. బార్‌లాగా అన్ని కంపెనీల సరుకూ ఉండదు, వాళ్ళు చేసిందే ఉంటుంది. చాలా చిన్నవాటికి వంటగది కూడా ఉండదు, కుక్కల్ని రానివ్వడానికి చాలా చోట్ల అదే కారణం, ఎందుకంటే శుభ్రత రూల్స్ ఎక్కువగా వంట చేసే చోటు చుట్టూనే తిరుగుతాయి. వంట ఉన్నచోట మామూలుగా బయట ప్యాటియో వరకే అంటారు.

మీ కుక్క వెళ్ళగలదా లేదా, ఇది ముందు తేల్చుకోండి

మనకి వెళ్ళాలనుంది కాబట్టి దానికీ ఉంటుందనుకోకూడదు. కొన్ని కుక్కలకి కొత్త మనుషులు, గ్లాసుల చప్పుడు, పక్కన ఇంకో కుక్క, ఇవేవీ నచ్చవు. అది దాని తప్పు కాదు, ఇంట్లో వదిలేసి మీరొక్కరే వెళ్ళి రండి, అది హాయిగా నిద్రపోతుంది. టీకాలు పూర్తికాని కుక్కపిల్లలు, హీట్‌లో ఉన్న ఆడకుక్కలు, దగ్గుతున్నవి, తన గిన్నె దగ్గరికి ఎవరొచ్చినా గుర్రుమనేవి, వీటిని అస్సలు తీస్కెళ్ళకండి. రేబిస్, డిస్టెంపర్, పార్వో టీకాలు ఉండాలి, వాటితో పాటు కెన్నెల్ కాఫ్ అనే కుక్కల అంటుదగ్గుది కూడా వేయించారా లేదా డాక్టర్ని అడగండి, ఎందుకంటే అది గాలిలోంచీ పదిమంది మూతి పెట్టిన నీళ్ళ గిన్నెలోంచీ ఈజీగా అంటుకుంటుంది.

ఒక చిన్న పరీక్ష ఉంది. ఏదైనా ఓ మోస్తరు జనం తిరిగే చోట, బయట బెంచీ మీద, అరగంట దాంతో కూర్చోండి, ఏమీ చేయకుండా. పది నిమిషాలకి పడుకుందా, మీరు పాసైనట్టే. అరగంటా నిలబడి అటూ ఇటూ లాగుతూ రొప్పుతూ ఉందా, ఇంకో నెల ప్రాక్టీస్ కావాలి.

ఫోన్ చేసి అడగాల్సినవి

డాగ్ ఫ్రెండ్లీ అని రాసి ఉంటే చాలదండి, ఆ మాటకి ఒక్కో చోట ఒక్కో అర్థం. లోపలికి రానిస్తారా లేక బయటేనా, ఒక టేబుల్‌కి ఎన్ని కుక్కలు, ఆ రోజు లైవ్ మ్యూజిక్ గానీ కొత్త బీర్ రిలీజ్ గానీ ఉందా, ఇవి అడగండి. ఇంకోటి ఎవరూ అడగరు గానీ నేను తప్పకుండా అడుగుతా, మీ దగ్గర పిల్లి ఉందా అని. నవ్వకండి. బ్రూవరీ అంటే ధాన్యం బస్తాల గోడౌన్ కూడా, ధాన్యం ఉన్నచోట ఎలకలు, ఎలకలున్నచోట పిల్లి, కొన్ని బ్రూవరీల్లో ఆ పిల్లిదే పెత్తనం. మీ కుక్కకి పిల్లి కనపడితే పూనకం వచ్చే రకమైతే ఇది ముందే తెలియడం మంచిది.

టైమ్ విషయంలో నా సలహా ఒకటే, వారం మధ్యలో, తలుపు తీసిన గంటలోపు. అప్పుడు జనం ఉండరు, నచ్చిన మూల దొరుకుతుంది, పోసిచ్చే మనిషికి మాట్లాడే తీరిక ఉంటుంది. శనివారం సాయంత్రం మొదటిసారి తీస్కెళ్ళడం అంటే ఈత రానివాడిని వరదలో దింపినట్టే.

సంచీలో ఏముండాలి

లీష్ సంగతి ముందు. బటన్ నొక్కితే సాగేవి వద్దు, దయచేసి. ఆ సన్నటి తాడు బల్లల కాళ్ళకీ మనుషుల కాళ్ళకీ చుట్టుకుంటుంది, చేతిలో ట్రే పట్టుకుని వచ్చేవాళ్ళకి అది కనపడను కూడా కనపడదు. మీటరున్నర అటూ ఇటూ ఉన్న మామూలు పట్టీ లీష్ చాలు. మెడకి ఫోన్ నెంబర్ ఉన్న బిళ్ళ. మడతపెట్టే గిన్నె, సొంత నీళ్ళు, ఎందుకంటే ఉమ్మడి గిన్నె సంగతి పైన చెప్పా కదా. మలం తీసే సంచులు మీరనుకున్నదానికి రెట్టింపు, పేపర్ టవల్ ఒక చుట్ట, చాలాసేపు నమలగలిగేది ఏదో ఒకటి.

అన్నిటికంటే ముఖ్యమైంది మ్యాట్. చిన్న దుప్పటైనా పర్లేదు, పాత టవలైనా పర్లేదు. ఇంట్లో రెండు వారాలు ముందు నుంచీ ఆ మ్యాట్ పరవడం, దాని మీద పడుకోగానే చిన్న ముక్క పెట్టడం, లేవగానే ఆపేయడం, ఇంతే, రోజుకి ఐదు నిమిషాలు. కొన్నాళ్ళకి మ్యాట్ పరిచారంటే ఇక్కడ పడుకోవాలి అని దానికే అర్థమైపోతుంది, అది ఎక్కడ పరిచినా సరే. కొత్త చోట, కొత్త వాసనల మధ్య, తన వాసన ఉన్న రెండడుగుల జాగా ఉంటే కుక్కకి ఎంత ధైర్యమో చూస్తే గానీ తెలీదు. నేను దీన్ని మొదట్లో పట్టించుకోలేదు, చల్లటి సిమెంటు నేల మీద మా బంటిగాడు గంట సేపు పడుకోకుండా నిలబడే ఉన్నాడు, వాడు మొండివాడనుకున్నా, తర్వాత ఇంట్లో తువ్వాలు తీస్కెళ్ళి పరిస్తే రెండు నిమిషాల్లో గురక.

బయల్దేరే ముందు అరగంట నడిపించండి. పరుగులు పెట్టించడం కాదు, నిమ్మళంగా వాసనలు చూసుకుంటూ నడవనివ్వడం, దానికి అదే అలసట. ఒంటికీ రెంటికీ అన్నీ అక్కడే కానిచ్చేయండి, ట్యాప్‌రూమ్ గుమ్మం పక్కన పూలకుండీ దగ్గర కాదు.

ఎండాకాలమైతే ప్యాటియో నేల మీద అరచేయి వెనకవైపు ఏడు సెకన్లు ఆనించి చూడండి, మీరు పెట్టలేకపోతే దాని పాదాలూ పెట్టలేవు. ఇంక కార్లో వదిలి ఒక గ్లాసు తాగొస్తా అనే ఆలోచన రానే కూడదు, బయట 21 డిగ్రీలే ఉన్నా అరగంటలో కారు లోపల 40కి చేరుకుంటుంది, కిటికీ కాస్త దించినా పెద్ద తేడా ఉండదు.

లోపలికి వెళ్ళడం, టేబుల్ పట్టడం

కారు దిగగానే లోపలికి దూసుకుపోకండి. బయటే రెండు నిమిషాలు నిలబడి దాన్ని చూడనివ్వండి, విననివ్వండి. మన చెవికి 20,000 హెర్ట్జ్ దాకే వినపడుతుంది, కుక్కకి దాదాపు 45,000 దాకా, అంటే మనకి మామూలుగా ఉన్న హాలు దానికి వేరే లెవెల్లో మోగుతుంటుంది, ఫ్రిజ్ కంప్రెసర్లు, గ్లాసుల గలగల, అన్నీ. గుమ్మంలో ఇంకో కుక్క వస్తుంటే మీరు ఆగండి. ఇరుకు తలుపులో రెండు కుక్కలు ఎదురెదురుగా, లీష్ బిగుసుకుని, తప్పుకునే దారి లేకుండా ఉంటే మంచి కుక్కలు కూడా తగువు పెట్టుకుంటాయి.

టేబుల్ అంటే మూలది. వెనక గోడ ఉండాలి, టాయిలెట్‌కి వెళ్ళే దారిలో ఉండకూడదు, బీర్ తెచ్చుకునే క్యూ పక్కన ఉండకూడదు, స్పీకర్ కింద ఉండకూడదు, చెక్క పలక మీదకి సంచులు ధడేల్మని విసిరే ఆట ఏదన్నా ఆడుతుంటే దానికి వీలైనంత దూరం. ఎత్తు స్టూళ్ళ టేబుల్ కూడా వద్దు, పైన కూర్చుంటే కింద అదేం చేస్తుందో మీకు కనపడదు.

లీష్‌ని టేబుల్ కాలికి కట్టకండి. ఇది నేను డబ్బు కట్టి నేర్చుకున్న పాఠం. ఒకసారి ప్యాటియోలో తేలికపాటి ఇనప టేబుల్, బంటిగాడిని దాని కాలికి కట్టి ఫోన్ చూసుకుంటున్నా, అవతల ఉడత దిగింది, అంతే, టేబుల్ కదిలి వెళ్ళిపోయింది, దాంతో పాటు నాలుగు గ్లాసులు, పక్కాయన చొక్కా. అన్నిటికంటే ఘోరం ఏంటంటే, వెనకాల టేబుల్ చప్పుడు చేస్తూ తరుముకొస్తోందని వాడు ఇంకా భయపడి ఇంకా పరిగెత్తాడు. అప్పట్నుంచీ లీష్ నా మణికట్టుకే, లేదా కుర్చీ కాలు లీష్ పిడిలోకి దూర్చి, ఆ కుర్చీలో నేను కూర్చుని.

ఇద్దరు వెళ్తే ఒకళ్ళు కుక్క దగ్గర, ఒకళ్ళు కౌంటర్ దగ్గర. ఒంటరిగా వెళ్తే దాన్ని మీతోనే పొట్టి లీష్ మీద క్యూలోకి తీస్కెళ్ళండి, పక్క టేబులోళ్ళని ఒక్క నిమిషం చూస్తారా అని అడగడం ఈజీగానే అనిపిస్తుంది గానీ మీరు కనుమరుగైన ఆ ఒక్క నిమిషంలోనే అది గోల మొదలెడుతుంది.

బోర్డు చదవడం, ఏం తాగాలో తేల్చుకోవడం

గోడ మీద బోర్డు చూసి కంగారు పడక్కర్లేదు. పేర్లు ఎంత వింతగా పెట్టినా లోపల ముఖ్యంగా ఉండేవి నాలుగే, నీళ్ళు, మాల్ట్ అంటే మొలకెత్తించి ఆరబెట్టిన ధాన్యం, ఎక్కువగా బార్లీ, హాప్స్ అనే పువ్వు, ఈస్ట్. తీపీ రంగూ మాల్ట్ నుంచి, చేదూ పూల పళ్ళ వాసనలూ ఎక్కువగా హాప్స్ నుంచి, ఆల్కహాలూ బుడగలూ ఈస్ట్ పుణ్యం. ఏల్ అన్నవి కాస్త వెచ్చగా 15 నుంచి 24 డిగ్రీల దగ్గర పులుస్తాయి, అందుకే పళ్ళ వాసనలు ఎక్కువ, లాగర్ 7 నుంచి 13 డిగ్రీల చల్లదనంలో నిదానంగా పులిసి తర్వాత వారాల తరబడి చలిలో కూర్చుంటుంది, అందుకే నోట్లో శుభ్రంగా ఉంటుంది. చిన్న బ్రూవరీలో లాగర్ బాగుందంటే ఆ చేసేవాళ్ళకి పని తెలుసని అర్థం, దాంట్లో తప్పు దాచుకోవడానికి చోటుండదు. 1842లో ఇప్పటి చెక్ దేశంలోని ప్ల్జెన్ ఊళ్ళో యోసెఫ్ గ్రోల్ అనే బీర్ తయారీదారు చేసిన బంగారు రంగు లాగర్, పిల్స్‌నర్ దగ్గర్నుంచీ ఇదే కథ.

బోర్డు మీద రెండు నెంబర్లుంటాయి. ఐబీయూ అంటే చేదు కొలత, దాన్ని మరీ నమ్ముకోకండి, మాల్ట్ తీపి ఎక్కువుంటే 60 ఉన్నా చేదనిపించదు. ఏబీవీ అంటే ఆల్కహాల్ శాతం, దీన్ని మాత్రం కళ్ళల్లో ఒత్తులేసుకుని చూడండి. లెక్క సింపుల్, ఎన్ని మిల్లీలీటర్లో దాన్ని శాతంతో గుణించి వందతో భాగించి, వచ్చినదాన్ని 0.79తో గుణిస్తే గ్రాముల్లో ఆల్కహాల్. 350 మిల్లీ 5 శాతం బీరులో దాదాపు 14 గ్రాములు. అదే 250 మిల్లీ చిన్న గ్లాసు, 9 శాతందైతే దాదాపు 18. చిన్న గ్లాసే కదా అని మోసపోయేది ఇక్కడే. మన లివర్ గంటకి సుమారు 7 నుంచి 10 గ్రాములు మాత్రమే ఖర్చు చేయగలదు, కాఫీ తాగినా మొహం కడుక్కున్నా ఆ స్పీడు పెరగదు.

నల్లగా ఉంటే స్ట్రాంగ్ అనుకోవడం ఇంకో భ్రమ. రంగు మాల్ట్‌ని ఎంత మాడ్చారన్నదాన్ని బట్టి వస్తుంది, అంతే. గిన్నిస్ డ్రాఫ్ట్ చూడ్డానికి తారులా ఉంటుంది, ఆల్కహాల్ 4.2 శాతమే.

మొదటిసారైతే ఫ్లైట్ తీస్కోండి, అంటే చెక్క పలక మీద నాలుగైదు చిన్న గ్లాసులు, ఒక్కోటీ మామూలుగా 100 నుంచి 150 మిల్లీ. తాగే వరస ముఖ్యం, లైట్‌వి ముందు, చేదువి తర్వాత, ఇంపీరియల్ స్టౌట్ లాంటి బాగా ఘాటైన నల్ల బీర్లు ఆఖర్న, పొగ వాసన ఉన్నది ఉంటే దాన్ని అన్నిటి తర్వాత, లేకపోతే ఆ తర్వాత తాగేవన్నీ పొగే కొడతాయి. పుల్లటివి మధ్యలో పెట్టుకుంటే నాలుక మళ్ళీ మేల్కొంటుంది, ఇది నా అలవాటు, రూలేం కాదు. అయితే కుక్క ఉన్నప్పుడు ఫ్లైట్‌లో ఒక చిక్కుంది, పలక మీద తేలికపాటి గ్లాసులు, తోక తగిలితే అన్నీ ఒకేసారి పోతాయి. గోడవైపు పెట్టుకోండి. పొడుగు తోక కుక్కైతే ఇది మరీ ముఖ్యం.

పోసిచ్చే మనిషిని, ఏది బాగుంటుంది అని అడగకండి, అన్నీ బాగుంటాయనే చెప్తారు, పాపం ఇంకేం చెప్తారు. ఈ వారం కొత్తగా ఏది పెట్టారు అని అడగండి. హాప్స్ వాసన మీద నడిచే ఐపీఏ (ఇండియా పేల్ ఏల్) లాంటివి పాతబడే కొద్దీ చచ్చుబడతాయి, ట్యాంకు పక్కనే కూర్చుని తాగడంలో ఉన్న లాభం అంతా ఆ తాజాదనమే. లేదా మీకు మామూలుగా ఏం నచ్చుతుందో చెప్పండి, పుల్లగా ఇష్టం, చేదు పడదు, కాఫీ ఇష్టం, అలా. చాలాచోట్ల ఒక గుక్కెడు ఊరికే రుచి చూపిస్తారు, ఒకటీ రెండూ ఓకే, అన్నీ రుచి చూసి కడుపు నింపుకోవడం బాగోదు.

గ్లాసు చేతికొచ్చాక ఒకసారి పక్కల్నుంచి చూడండి. లోపలి గోడకి బుడగలు అంటుకుని ఉంటే గ్లాసు సరిగా కడగలేదన్నమాట, మర్యాదగా మార్చమనండి. వెన్న వాసన గట్టిగా వస్తే డయాసిటైల్ అనే పదార్థం, ఉడికించిన మొక్కజొన్న వాసనైతే డీఎంఎస్ అనే ఇంకోటి ఎక్కువైందన్నమాట, తడిసిన అట్టపెట్టెలా ఉంటే గాలి తగిలి పాతబడింది. ఇవి చెప్తే మంచి చోట ఎవరూ ఏమీ అనుకోరు, కొందరైతే వాళ్ళే వచ్చి రుచి చూస్తారు. ఇంకో వాసన మాత్రం మన చేతులారా తెచ్చుకునేది, ఎండలో పెట్టిన గ్లాసులో కొద్ది నిమిషాల్లోనే హాప్స్ పదార్థాలు వెలుతురుకి విరిగి కుళ్ళిన కంపు మొదలవుతుంది. కాబట్టి ప్యాటియోలో నీడ కుక్కకే కాదు, గ్లాసుకీ కావాలి, ఇద్దరికీ కలిపి ఒకటే గొడుగు కింద చోటు చూసుకోండి.

తాగనివాళ్ళు రాకూడదనేం లేదు. తాటిచెట్టు కింద కూర్చుని పాలు తాగినా కల్లే అంటారని భయమైతే చెప్పలేను గానీ, చాలాచోట్ల ఆల్కహాల్ లేని సోడాలు ఉంటాయి, ఇంటికి బండి నడిపే మనిషి మీరే అయితే మిగతావాళ్ళకి మీరే దేవుడు.

కుక్కకి ప్రాణాపాయం ఇక్కడ దేన్నుంచి

ఈ భాగం గబగబా దాటేయకండి. బీర్ ఒక్క చుక్క నాకనిస్తే ఏమవుతుందిలే అని వీడియోలు తీస్తుంటారు కొందరు, చూస్తే ఒళ్ళు మండుతుంది. కుక్క బరువెంత, మన బరువెంత, మనకి చిన్న గ్లాసు దాని ఒంటికి చాలా పెద్ద మోతాదు. తూలడం, వాంతులు, ఒళ్ళు చల్లబడటం, షుగర్ పడిపోవడం, ఊపిరి మందగించడం దాకా వెళ్తుంది. కింద ఒలికితే మొదట కుక్కని లాగండి, తర్వాత తుడవండి.

ఆల్కహాల్ సంగతి చాలామందికి తెలుసు, హాప్స్ సంగతే తెలీదు. హాప్స్ కుక్కలకి విషం. తింటే ఒంటి వేడి అదుపు తప్పి పెరిగిపోతుంది, దాన్ని మాలిగ్నెంట్ హైపర్‌థర్మియా అంటారు, గ్రేహౌండ్లలో ఇది మరీ ఎక్కువగా చూశారు, అలాగని మిగతా జాతులకి మినహాయింపేం లేదు. పచ్చివైనా, ఎండువైనా, గుళికలుగా నొక్కినవైనా, కాచి పారేసిన పిప్పి అయినా సరే. ట్యాప్‌రూముల్లో అందానికి తీగలు వేలాడదీస్తారు, వాసన చూడమని చిన్న గిన్నెల్లో గుళికలు పెడతారు, వెనకవైపు చెత్తడబ్బాల్లో పిప్పి ఉంటుంది, తీపి బీర్ రసంలో నానింది కాబట్టి కుక్కకి అది విందు భోజనంలా వాసనొస్తుంది. కుక్క మామూలు వేడి 38.3 నుంచి 39.2 డిగ్రీల సెల్సియస్. ఆగకుండా రొప్పడం, గుండె దడదడ, అశాంతిగా తిరగడం, ఒళ్ళు కాలిపోవడం కనిపిస్తే, లేదా తినడం మీరు కళ్ళారా చూస్తే లక్షణాల కోసం ఆగకుండానే, వెంటనే డాక్టర్ దగ్గరికి పరిగెత్తండి, దారిలో ఫోన్ చేసి హాప్స్ తిన్నదని ఆ మాటే చెప్పండి. మీ అంతట మీరు వాంతి చేయించకండి. దగ్గర్లో రాత్రి కూడా తీసి ఉండే పశువుల ఆసుపత్రి ఏదో బయల్దేరే ముందే చూసి నెంబర్ ఫోన్లో పెట్టుకోవడం రెండు నిమిషాల పని.

మరి బ్రూవరీ ధాన్యంతో చేసిన కుక్క బిస్కెట్లని కౌంటర్ మీద అమ్ముతుంటారు కదా, అవి? అవి మామూలుగా పర్లేదు, ఎందుకో చెప్తా. బీర్ చేసేటప్పుడు ముందు మాల్ట్‌ని 65 డిగ్రీల చుట్టుపక్కల వేడి నీళ్ళలో నానబెట్టి తీపి రసం దించుకుంటారు, మిగిలిన పిప్పిని పక్కకి తీసేస్తారు, ఆ తర్వాత రసాన్ని మరిగించేటప్పుడు హాప్స్ వేస్తారు. అంటే ధాన్యం పిప్పికి హాప్స్ తగలకముందే అది బయటికొచ్చేసింది. అయినా కొనే ముందు, ఇందులో హాప్స్ పడలేదు కదా అని ఒక్క మాట అడగండి, ఎందుకంటే అరుదుగా ధాన్యంతోనే హాప్స్ వేసే పద్ధతి కూడా ఉంది. పచ్చి పిప్పి మాత్రం బకెట్లో ఊరికే ఇచ్చినా పెట్టకండి, గంటల్లో పులిసి పాడవుతుంది.

పక్క టేబుల్ నుంచి పడే తిండి ఇంకో తలనొప్పి. ఉల్లి, వెల్లుల్లి, ద్రాక్ష, కిస్మిస్, చాక్లెట్, జైలిటాల్ అనే చక్కెర బదులు వాడే తీపి ఉన్న చూయింగ్ గమ్, ఇవన్నీ దానికి విషాలే. వెళ్ళి కూర్చునే ముందే టేబుల్ కింద ఒకసారి వంగి చూడండి, ముందు కూర్చున్నవాళ్ళు ఏం వదిలారో.

ట్యాంకులు చూపిస్తాం రమ్మంటే మీరు వెళ్ళండి, కుక్కని మాత్రం వద్దు. ఈస్ట్ పని చేసేటప్పుడు వచ్చే కార్బన్ డయాక్సైడ్ గాలికంటే ఒకటిన్నర రెట్లు బరువు, నేల దగ్గర పేరుకుంటుంది, మీ ముక్కు ఐదడుగుల ఎత్తులో ఉంటే దాని ముక్కు అడుగున్నర ఎత్తులో ఉంటుంది. పైగా నేల మీద ట్యాంకులు కడిగిన కాస్టిక్ సోడా, యాసిడ్ తడి ఉండొచ్చు, అది అందులో నడిచి తర్వాత పాదాలు నాక్కుంటుంది. ఒకళ్ళు బయట దాంతో ఉండండి, ఒకళ్ళు లోపలికి, తర్వాత మారండి.

పక్క కుక్కలు, పక్క మనుషులు

మా వాడు చాలా ఫ్రెండ్లీ అండీ అని దూరం నుంచి అరుస్తూ లీష్ వదులు చేసుకుంటూ వచ్చేవాళ్ళు ప్రతి ట్యాప్‌రూమ్‌లో ఒకరు ఉంటారు. మీ వాడు ఫ్రెండ్లీయే, నా వాడు కాకపోవచ్చు కదా. వద్దండి, ఇవాళ మూడ్ బాలేదు అని నవ్వుతూ చెయ్యడ్డం పెట్టేయండి, మొహమాటం వద్దు. కలిపించాలనుకుంటే బయట ఖాళీ జాగాలో, పక్కపక్కన నడిపిస్తూ, మూడు సెకన్లు వాసన చూసుకోనిచ్చి వెనక్కి పిలవడం, టేబుల్ కింద మాత్రం కాదు. అక్కడ మ్యాట్, నమిలే ముక్క, యజమాని కాళ్ళు, అన్నీ నావే అని దాని లెక్క.

అరిచే కుక్క కరవదన్న సామెతని ఇక్కడ నమ్ముకోకండి, అసలు భయపడాల్సింది అరవకుండా కొయ్యబారిపోయిన కుక్కని చూసి. పెదాలు పదేపదే నాక్కోవడం, నిద్ర లేకుండానే ఆవలింతలు, తల తిప్పకుండా కళ్ళ తెల్లగుడ్డు కనపడేలా ఓరగా చూడటం, తోక కాళ్ళ మధ్యకి దూరడం, ఇవన్నీ ఇక పోదాం పద అని అది మర్యాదగా చెప్పడమే. అప్పుడు లేస్తే గొడవ ఉండదు. గ్లాసులో సగం మిగిలిందని ఆగారో, తర్వాతది గుర్రుమనడం.

పిల్లలు పరిగెత్తుకొస్తే మీరు లేచి కుక్కకీ వాళ్ళకీ మధ్య నిలబడండి, తర్వాత మాట్లాడండి. మనుషులు కూర్చునే కుర్చీ మీద కుక్కని కూర్చోబెట్టడం, మనుషులు తాగే గ్లాసులో నీళ్ళు పట్టడం, ఇలాంటివి చేసేవాళ్ళ వల్లే కొన్నాళ్ళకి అందరి కుక్కలకీ నో చెప్తారు. లోపల తడిపేసిందా, దాచకండి, వెంటనే చెప్పి మీరే తుడవండి, వాసన మిగిలితే తర్వాత వచ్చే ప్రతి కుక్కా అక్కడే కాలెత్తుతుంది.

లేవడం, ఇంటికి తెచ్చుకోవడం

మొదటిసారి 45 నిమిషాలు చాలు. అది ప్రశాంతంగా పడుకుని ఉన్నప్పుడే లేవండి, గోల చేశాక లేస్తే గోల చేస్తే ఇంటికెళ్తామని నేర్చుకుంటుంది, కుక్కలు ఇలాంటివి ఒక్కసారికే పట్టేస్తాయి. బిల్లు ముందే కట్టేసి ఉంచుకోండి, అది తొందరపెట్టినప్పుడు క్యూలో నిలబడక్కర్లేకుండా.

తాగలేకపోయినవి ఇంటికి తెచ్చుకోవచ్చు, ఆ సౌకర్యం ఉంటే. గ్రౌలర్ అంటే దాదాపు 1.9 లీటర్ల సీసా, క్రౌలర్ అంటే అప్పటికప్పుడు మూతేసి సీలు చేసే దాదాపు 950 మిల్లీ డబ్బా. రెండూ చల్లగా పెట్టాలి, గ్రౌలర్ మూత తీశాక ఒకటి రెండు రోజుల్లో అయిపోవాలి, గ్యాస్ పోతే ఇంక అది చప్పటి రసమే. కార్లో కుక్క పక్కన సీటు మీద పెట్టకండి, ఒక్క బ్రేకుకి సీసా ఎటు దొర్లుతుందో తెలీదు.

నాలుగు 120 మిల్లీ గ్లాసులు, సగటున 6 శాతం అనుకుంటే దాదాపు 23 గ్రాముల ఆల్కహాల్, పైన లెక్క ప్రకారం అది దిగడానికి రెండున్నర మూడు గంటలు. కుక్కేమో 45 నిమిషాలకే లేద్దాం అంటుంది. ఈ రెండు నెంబర్లూ కలవవు, అందుకే తాగని మనిషి ఒకరు వెంట ఉండాల్సిందే, క్యాబ్ అనుకుంటే కుక్కని ఎక్కించుకునే క్యాబ్ దొరుకుతుందో లేదో వెళ్ళే ముందే చూసుకోండి, రాత్రిపూట రోడ్డు మీద నిలబడి వెతుక్కోవడం కంటే అది నయం.

ఇంటికొచ్చాక పాదాల వేళ్ళ మధ్య వేలుపెట్టి చూడండి, ప్యాటియోల్లో సన్నటి గాజు పెంకులు తరచుగా ఉంటాయి. నీళ్ళు పెట్టండి, తిండి మామూలు టైమ్‌కే. ఆ రాత్రి అది మొద్దు నిద్ర పోతుంది, లేపకండి, కొత్త చోటంతా దాని బుర్రలో సర్దుకుంటూ ఉంటుంది. మ్యాట్ మాత్రం అదే రోజు నానబెట్టేయండి, బీర్ చుక్కలు పడిన మ్యాట్ సంచీలో రెండు రోజులుంటే ఆ వాసన ఏ సబ్బుకీ పోదు, పైగా మర్నాడు మీరు చూడకుండా అది దాన్ని నాకుతూ కూర్చుంటుంది.